శుక్రవారం కదిలిన బ్యాగు

హిందూపురం,
10 జులై 2021

హేమక్కకు,
షమీమ్ సలాం.

ఉత్తరం చూసి నవ్వుకుంటావని తెలుసు. చేతిలో ఫోన్ పెట్టుకుని పోస్టాఫీసుకు నడిచిపోయే మనిషి హిందూపురంలో నేనొక్కదాన్నే ఉంటాను. కవరు అడిగితే కౌంటర్లో ఉన్నాయన "ఎవురికమ్మా, కోర్టు కేసా?" అన్నాడు. ఏం చేయను? ఈ ఇంట్లో ఫోన్లో మాట్లాడితే గోడలు కూడా వింటాయి. కువైట్‌లో మన యజమానులు ఫోన్లు లాక్కున్న రోజుల్లో, పక్కపక్క ఇళ్లలో ఉండి కూడా, చెత్త పారేసే డబ్బా దగ్గర ఉత్తరాలు మార్చుకునేవాళ్లం కదా. మనసులో మాట నీకు చెప్పాలంటే నాకు ఇప్పటికీ కాగితమే కావాలి. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయినా రాయడం వచ్చింది తెలుగే, అది కూడా నువ్వు తప్పులు దిద్దగా వచ్చిన తెలుగు.

పోయినేడాది అమ్మకు బాగాలేదని రెండు నెలల సెలవు మీద వచ్చాను. అమ్మ వెళ్లిపోయింది. వెనకే విమానాలు ఆగిపోయాయి. అప్పటి నుంచి తమ్ముడు జహీర్ ఇంట్లో, పైగదిలో ఉంటున్నాను. అందరూ మంచివాళ్లే. కానీ బజారుకు పోతే కూరగాయలమ్మ మొదలుకొని కుళాయి నీళ్లు వదిలే ఆయన దాకా అడిగేది ఒకటే. "ఇంగా ఈడే ఉండావా? ఎప్పుడు పోతాండావు?" పందొమ్మిదేళ్లు బయట ఉన్న మనిషిని ఇంకేం అడగాలో వాళ్లకు తోచదు. వాళ్లతో ఏం మాట్లాడాలో నాకూ తోచదు. ఇంట్లో అందరూ నవ్వే మాటలకు ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వుతుంటాను.

పెద్దమామా సంగతి చెప్పాలి. వాళ్ల భాషలో అమ్మ అని అర్థమే అయినా, ఆడమనిషిని, అందులోనూ యజమాని తల్లిని, మామా అని పిలవాలంటే మొదట్లో మనకెంత నవ్వొచ్చేదో! ఆవిడ ఇప్పుడు పూర్తిగా మంచం మీదే. పక్షవాతం వచ్చిన చెయ్యి ఎలాగూ లేవదు, ఈ ఏడాదిన్నరలో చూపు కూడా పోయింది. మనవరాలు నూరా వీడియో కాల్ చేసి ఫోన్ ముఖానికి దగ్గరగా పెడితే, నా గొంతు విని అద్దం మీద వేళ్లతో తడుముతుంది. ఎప్పుడొస్తావు అంటుంది. ఇదిగో వస్తున్నా అంటాను. ఎంతకాలమని అలా అంటాను?

ఇప్పుడు దారి తెరిచారు. వాళ్లు ఒప్పుకునే టీకా రెండుసార్లు వేసుకుని ఉండాలి. బయలుదేరేముందు డెబ్బై రెండు గంటల లోపు ముక్కు టెస్టు చేయించుకుని, జబ్బు లేదన్న రిపోర్టు చూపించాలి. నా రెండో టీకా నెలాఖరున. జీతం కోసం పోతున్నానని ఇక్కడ అందరూ అనుకుంటున్నారు, అనుకోనీ. ఆవిడ ఉండగానే చేరాలి అక్కా. నాకు కావలసింది అంతే.

నీ
షమీమ్

*

ధర్మవరం,
24 జులై 2021

చిరంజీవి షమీమ్‌కు,
అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చిందని మా వీధి వీధంతటికీ తెలిసింది. పోస్టుమ్యాన్ చౌడప్ప గడప దగ్గర నుంచే "ఏమక్కా, ఇది నోటీసు కాదు, నిజ్జంగా ఉత్తరమే" అని అరిచాడు. పక్కింటివాళ్లు మగ్గం ఆపి మరీ చూశారు.

మా ఇంట్లో రెండు మగ్గాల్లో ఒకటే ఆడుతోంది. పెళ్లిళ్లు లేకపోతే పట్టుచీరలెవరు కొంటారు? మా వేణుగోపాల్ నేస్తాడు, కోడలు మంజులత అంచు చూసుకుంటుంది, నేను రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడతాను. నాతో మాట్లాడాలంటే ఇద్దరూ గొంతు పెంచుతారు, నాకు చెవుడొచ్చిందని వాళ్ల నమ్మకం. చెవుడు కాదు. వాళ్లు మాట్లాడుకునేది నాతో కాదు కాబట్టి పలకను, పలకకపోయేసరికి వినబడలేదనుకుంటారు. అదీ మంచిదే, అప్పుడప్పుడు అన్నీ వింటుంటాను.

నా మాట వినేటట్టయితే పోవద్దు. కన్నతల్లికి చేశావు, చాలు. ఆవిడకు కొడుకులున్నారు, కోడళ్లున్నారు. ఎంత చేసినా ఆ ఇళ్లల్లో మనం పనిమనుషులమే. దూరపు కొండలు నునుపు.

ఇది రాసి మళ్లీ చదువుకున్నాను. నాకే అబద్ధమనిపించింది. కువైట్‌లో నేను పెంచిన మా యజమాని ఇంటి చిన్నవాడు ఈపాటికి నా భుజం దాటి ఉంటాడు. వాడి చొక్కా ఒకటి ఇంకా నా పెట్టెలోనే ఉంది. మంజులత ఒకసారి చూసి "ఎవురిదత్తా ఇది?" అంటే, సామాన్లో పొరపాటున వచ్చిందని చెప్పాను. కాబట్టి పోవద్దని నీకు చెప్పే మొహం నాకు లేదు. పో. పోయేముందు మాత్రం నన్ను కలవకుండా పోకు. నువ్వు వచ్చి ఏడాది దాటినా ఈ రోగం భయంతో మనం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

నీ
హేమక్క

*

హిందూపురం,
4 అక్టోబరు 2021

హేమక్కకు,
సలాం.

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదో చెబితే తిడతావు. సెప్టెంబరులో టికెట్ వచ్చింది. నీకు చెప్పి దిష్టి పెట్టించుకోవడం ఎందుకని ఊరుకున్నాను, దిష్టి దానంతటదే తగిలింది. టెస్టులో పాజిటివ్ అని వచ్చింది. జ్వరం లేదు, దగ్గు లేదు, ఒళ్లు నొప్పి లేదు. మనిషిని బాగానే ఉన్నాను, కాగితం మీద మాత్రం రోగిని.

పైగదిలో నన్ను ఒక్కదాన్నే పెట్టారు. మరదలు మెట్ల మీద పళ్లెం పెట్టి, గరిటెతో గోడ మీద రెండుసార్లు తట్టి దిగిపోయేది. ఆ చప్పుడు వినగానే తలుపు తీసేదాన్ని, అప్పటికి ఆమె కొంగు కూడా కనబడేది కాదు. పిల్లలు మెట్ల కింద నిలబడి "అత్తా, బతికే ఉండావా?" అని అరిచేవాళ్లు. వాళ్లకదొక ఆట. ఉన్నానని అరిచేదాన్ని. కొన్ని పూటలు నేను నోరు తెరిచి అన్న మాట అదొక్కటే.

గడువు అయిపోయాక మళ్లీ టెస్టు చేయించుకున్నాను. మళ్లీ పాజిటివ్. ల్యాబులో ఆయన "ఏం భయం లేదమ్మా, రోగం పోయినా దాని తునకలు కొన్నాళ్లు మెషీనుకు దొరుకుతాంటాయి" అన్నాడు. ఆ తునకలు విమానం ఎక్కనివ్వవు కదా. మొన్న మూడోసారి నెగటివ్ వచ్చింది. వెంటనే మా కఫీల్‌కు, అదే యజమానికి, ఫోన్ చేసి చెప్పాను. ఆయన మళ్లీ టికెట్ తీశాడు. అక్టోబరు ఇరవై ఆరు, మంగళవారం మధ్యాహ్నం, బెంగుళూరు నుంచి.

కానీ భయంగా ఉంది. పెద్దమామా గట్టిది తినడం మానేసిందట. పక్కింటి నుంచి ఒక శ్రీలంక అమ్మాయిని తెచ్చుకున్నారు, ఆ పిల్ల చెంచాతో పాలు పోస్తే సగం బయటికే వస్తున్నాయని నూరా చెప్పింది. నేను పోస్తే మింగుతుంది, గొంతు కింద రెండు వేళ్లతో ఎక్కడ నిమరాలో నాకు తెలుసు. ఈసారి కూడా ముక్కు అడ్డం తిరిగితే ఇంకో టికెట్ దాకా ఆవిడ ఉంటుందో లేదో. ఎప్పుడు టెస్టు ఇవ్వాలి, ఏం చేయాలి, నాకు బుర్ర పనిచేయడం లేదు. చెప్పక్కా.

నీ
షమీమ్

*

ధర్మవరం,
12 అక్టోబరు 2021

చిరంజీవి షమీమ్‌కు,

మంగళవారమా? ఆ కఫీల్‌కు వారంలో ఇంకో రోజే దొరకలేదా? మంగళవారం మా ఇంట్లో కొత్త చీర కూడా మగ్గం ఎక్కించం. అలాంటిది సముద్రం దాటి పోతావా, అందులోనూ ఒకసారి ఎదురుదెబ్బ తిన్నాక?

టికెట్ మార్చమని అడగలేవు, తెలుసు. దానికి మా పెద్దలు ఎప్పుడో దారి చూపారు. ప్రయాణం రోజు మంచిది కాకపోతే, ముందుగానే ఒక మంచి రోజు చూసి మన మూట ఒకటి ఇల్లు దాటించి వేరే ఇంట్లో పెడతాం. దాన్ని ప్రస్థానం అంటారు. మూట కదిలిన రోజే మనిషి బయలుదేరినట్టు లెక్క. తర్వాత మంగళవారం పోయినా ఫరవాలేదు. అంతకు నాలుగు రోజుల ముందు, ఇరవై రెండో తేదీ శుక్రవారం, విదియ. మాకు లక్ష్మీదేవి రోజు, మీకు నమాజు రోజు. ఇద్దరి దేవుళ్లకూ అభ్యంతరం ఉండదు.

మా చిన్నమ్మ కౌసల్యమ్మ పెనుకొండలో ఉంటుంది. నీకూ నాకూ సగం దారి. నీ బ్యాగు ఆమె ఇంట్లో పెడదాం, బాబయ్య దర్గాకు పోదాం, కలిసి నాలుగు ముద్దలు తిందాం. సోమవారం జహీర్ వచ్చి బ్యాగు తీసుకుపోతాడు.

ముక్కు టెస్టు కూడా ఆ శుక్రవారం పొద్దున్నే ఇచ్చి రా. ప్రయాణంలో మొదటి మెట్టు అదే కదా, అదీ మంచి రోజునే పడాలి. డెబ్బై రెండు గంటలని కంగారు పడకు. శుక్రవారం ఇస్తే శనివారం సాయంత్రానికి కాగితం వస్తుంది, లెక్క కాగితం చేతికొచ్చినప్పటి నుంచే. రేషన్ కార్డయినా కరెంటు బిల్లయినా ఏ ఆఫీసువాడైనా చూసేది దాని మీద తేదీనే. శనివారం సాయంత్రం నుంచి మంగళవారం మధ్యాహ్నానికి గంటలు సరిపోతాయి, వేళ్ల మీద లెక్కపెట్టాను. పైగా మొదటిది అటూ ఇటూ అయితే ఇంకోసారి ఇవ్వడానికి సందు దొరుకుతుంది. అన్నీ ఆలోచించే చెబుతున్నాను. నువ్వు నిశ్చింతగా ఉండు.

నీ
హేమక్క

*

పెనుకొండ,
22 అక్టోబరు 2021, శుక్రవారం

షమీమ్‌కు,

నువ్వు బస్సెక్కావు. నేను చిన్నమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. నీ బ్యాగు పక్క జేబులో పెడతాను. బ్యాగు చేతికి రాగానే తీసి చదవకు, విమానంలో చదువుకో.

ఎంత చిక్కిపోయావే! బస్సు దిగుతుంటే ముందు గుర్తుపట్టలేదు. టెస్టుకు పుల్ల పెట్టిన ముక్కు ఎర్రగా చేసుకుని, మూతికి మాస్కు, చేతిలో బ్యాగు. నీ వెనక జహీర్. "బెంగుళూరుకు పోయే బ్యాగును పెనుకొండకు తెస్తిరి. ఇట్లయితే ఇమానం ఎనక్కి ఎగరాల్సిందే" అన్నాడు చూడు, చిన్నమ్మ నవ్వలేక చచ్చింది. సంగటిలోకి ఊరిబిండి నూరింది నీకోసమే, నువ్వు ఎర్రబడిన ముక్కుతో ఆ కారం తింటుంటే చూడాలని.

దర్గాలో నువ్వు ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన రూపాయి బిళ్ల తీసి నా చేతిలో పెట్టినప్పుడు నాకు అర్థం కాలేదు. ప్రయాణం పోయేవాళ్ల కుడిచేతికి ఇంట్లో పెద్దవాళ్లు కట్టే ఇమాం జామీన్ అని, ప్రతిసారీ అమ్మ కట్టేదని, ఈసారి కట్టడానికి ఎవరూ లేరని చెప్పావు. నాకు ముడి సరిగా పడలేదు. పట్టుపోగు తెగితే కనబడకుండా ముడేసేదాన్ని, నీ చేతి మీద రెండుసార్లు విప్పి మళ్లీ కట్టాను. గట్టిగానే కట్టానులే, ఊడదు.

పోవద్దని మళ్లీ అందామనుకున్నాను. నువ్వు పెద్దమామా గురించి చెబుతున్నప్పుడు నీ మొహం చూసి ఊరుకున్నాను. ఇప్పుడు నువ్వు గాలిలో ఉంటావు కాబట్టి చెప్పినా నష్టం లేదు. నాకు నువ్వు ఇక్కడే ఉంటే బాగుండుననిపిస్తోంది. ఇవాళ నాతో మాట్లాడినంతసేపు మా ఇంట్లో ఏడాదిలో ఎవరూ మాట్లాడలేదు. నేను ఏదో చెబుతుంటే మధ్యలో ఆపి "తర్వాత?" అన్నావు. ఆ మాట విని ఎన్నేళ్లయిందో. రేపటి నుంచి మళ్లీ కండెలు చుట్టుకోవాలి.

క్షేమంగా చేరు. ఆవిడను నేను అడిగానని చెప్పు.

నీ
హేమక్క

*

హిందూపురం,
31 అక్టోబరు 2021

హేమక్కకు,

నీ ఉత్తరం విమానంలో చదవమన్నావు. విమానాశ్రయం బయట, ట్రాలీలు వరుసగా పెట్టే చోట కింద కూర్చుని చదివాను.

కౌంటర్లో ఉన్న అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. రిపోర్టు చూసి, "శాంపిల్ ఎప్పుడిచ్చారు మేడం?" అని హిందీలో అడిగింది. శుక్రవారం పొద్దున అన్నాను. ముందుచూపు ఉన్నదాన్నని చెప్పుకున్నట్టు, కాస్త గర్వంగానే అన్నాను. అయితే ఇది చెల్లదు అంది. శనివారం సాయంత్రం వచ్చింది, తేదీ చూడమ్మా అన్నాను. ఆ తేదీ పైన ఇంకో తేదీ ఉంది, ముక్కులో పుల్ల పెట్టిన రోజుది, గంటతో సహా. డెబ్బై రెండు గంటలు లెక్కపెట్టేది అక్కడి నుంచట. సోమవారానికే అయిపోయాయి. వెనక వరుసలోవాళ్లు గొణుగుతున్నారు. నేను అక్కడే నిలబడి, తల్లీ, అక్కడ ఒక ముసలామె ఉంది, నా చేత్తో పోస్తేనే తాగుతుంది అని తెలుగులో చెబుతున్నాను. ఆ పిల్లకు తెలుగు రాదు.

అక్కడే టెస్టు చేసే చోటు ఉందంటే పరుగెత్తాను. అది కూడా ఇచ్చాను. నెగటివ్ వచ్చింది, విమానం వెళ్లిపోయాక.

ఇంటికొచ్చేసరికి మరదలు నా పైగదిలో కుట్టుమిషను, పిల్లల పుస్తకాలు సర్దేసుకుంది. తప్పు ఆమెది కాదు, నేను పోయాననుకుంది. అవన్నీ ఆమె మళ్లీ కిందికి దించుతుంటే నేను గుమ్మం దగ్గర బ్యాగు పట్టుకుని నిలబడ్డాను. "అయ్యో, కూచోండి వదినా" అంటోంది. కూర్చోవడానికి చోటు లేదు.

ఇమాం జామీన్ గమ్యం చేరాక విప్పి, ఆ బిళ్ల దానం చేయాలి. నేను చేరలేదు. విప్పాలో ఉంచాలో ఎవరిని అడిగినా తెలియదంటున్నారు. స్నానం చేసినప్పుడల్లా తడిసి, చేతికి అతుక్కుని చల్లగా ఉంటోంది.

నేనూ నాలుగక్షరాలు వచ్చినదాన్నే. ల్యాబులో ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదని రోజూ నన్ను నేను తిట్టుకుంటున్నాను. ఈరోజు నిన్ను తిడుతున్నాను. అన్నీ ఆలోచించే చెబుతున్నానని రాశావు. ఏం ఆలోచించావు? నేను ఇక్కడే ఉంటే బాగుండునని కూడా రాశావు. ఆ శుక్రవారాన్ని పట్టుకుని అంతగా వేలాడింది అందుకేనా? అడగకూడని మాట, అయినా అడుగుతున్నాను.

కఫీల్ విసుక్కున్నాడు. నవంబరు చివరిదాకా సీట్లు లేవట. కొన్నాళ్లు నాకు రాయవద్దు.

షమీమ్

*

ధర్మవరం,
7 నవంబరు 2021

షమీమ్‌కు,

రాయవద్దన్నావు. రాస్తున్నాను.

నువ్వడిగినదానికి జవాబు చెబుతాను. కావాలని చేయలేదు. నా కొడుకు మీద ఒట్టు.

ఒకప్పుడు మా వీధిలో ఎవరు ఊరికి పోవాలన్నా, పిల్లను చూడబోవాలన్నా, రోజు ఎలా ఉందని మా గడపలోకి వచ్చి నన్నే అడిగేవాళ్లు. ఇప్పుడు ఫోన్లో చూసుకుంటారు. మంజులత అయితే అది కూడా చూడదు. నువ్వు "చెప్పక్కా" అని రాశావు. అది చదివి పొంగిపోయాను. మంచి రోజు నాకు తెలుసు కాబట్టి చెప్పాను. డెబ్బై రెండు గంటల సంగతి నాకు తెలియదు. తెలియదని రాయడానికి చెయ్యి రాలేదు. ఇంట్లో ఉన్న వేణుగోపాల్‌ను అడిగినా చెప్పేవాడు. నిన్న అడిగాను. "శాంపిల్ ఇచ్చిన టైం నుంచే కదమ్మా, ఎవురికైనా తెలుస్తాది" అన్నాడు, పట్టుపోగులు సరిచేసుకుంటూ, తలెత్తకుండానే.

ఇంకొకటి కూడా దాచను. నువ్వు వెనక్కి వచ్చావని జహీర్ ఫోన్ చేసినప్పుడు ముందు నాకు సంతోషం వేసింది. వచ్చేసింది, ఇక్కడే ఉంటుంది అనుకున్నాను. ఆ తర్వాతే ఆవిడ గుర్తొచ్చింది. అప్పటి నుంచి అన్నం సహించడం లేదు. అనుకున్నందుకు తిట్టు, చేసినందుకు తిట్టు. కానీ కాగితం మీద తిట్టు. ఏమీ రాయకుండా మాత్రం ఉండకు.

హేమావతి

*

హిందూపురం,
22 నవంబరు 2021

హేమక్కకు,

పెద్దమామా గురువారం పోయింది. నూరా మెసేజ్ పెట్టింది. వాళ్ల పద్ధతి ప్రకారం ఆ రోజే మట్టి చేసేశారు.

జహీర్‌కు చెప్పాను. "అయ్యో" అన్నాడు. ఆ తర్వాత, "అయితే నీ వీసా ఏమవుతాదక్కా?" అన్నాడు. మరదలు టీ తెచ్చిచ్చింది. పిల్లలు టీవీ చూస్తున్నారు, ఎవరూ ఆపమని చెప్పలేదు. ఎందుకు చెబుతారు? వాళ్లకు ఎవరూ పోలేదు. అమ్మ పోయినప్పుడు ఈ ఇంటి ముందు చెప్పులు విడవడానికి చోటు లేదు, వచ్చినవాళ్లంతా నన్ను పట్టుకుని ఏడ్చారు. ఇప్పుడు నేను ఎవరిని పట్టుకోవాలి? వీధిలో ఒకామె "ముసిలామె పాయనంట కదా, ఇంగ నీకు శ్రమ తప్పిందిలే" అంది. ఆమె మంచికే అంది.

వాన పడుతూనే ఉంది. నీ మీద కోపం ఇంకా ఉందో లేదో నాకు తెలియడం లేదు. ఉత్తరం రాయడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు.

షమీమ్

*

ధర్మవరం,
29 నవంబరు 2021

చిరంజీవి షమీమ్‌కు,

నీ ఉత్తరం చదివిన వెంటనే బావి దగ్గరికి పోయి తలస్నానం చేశాను. చావు కబురు వింటే అయినవాళ్లకే చేస్తాం అది. వానలో తల తడుపుకుంటున్నావేమని మంజులత పరుగెత్తుకొచ్చింది. "ఎవురు పోయినారత్తా?" అంది. మా షమీమ్ వాళ్ల అమ్మ అన్నాను. ఆ పూట తను మగ్గం దగ్గరికి పోలేదు. నా పక్కన కూర్చుంది.

ఇలాంటప్పుడు మనిషి ఎదురుగా కూర్చోవాలి. వానలకు వాగులు పొంగి బస్సులు సరిగా రావడం లేదు. అందుకని, వచ్చి అడగవలసినవి రాసి అడుగుతున్నాను. ఎప్పటి నుంచి మరీ నీరసించింది? చివర్లో ఏమన్నా తినిందా? దేనికోసమన్నా అడిగిందా? బాధ పడిందా? పక్కన ఎవరున్నారు? నోట్లో నీళ్లు ఎవరు పోశారు?

మా వీధిలో ఎవరింట్లో ఎవరు పోయినా ఇవే అడుగుతాం. పోయినవాళ్ల గురించి ఇంట్లోవాళ్లు నోరు తెరిచి చెప్పుకుంటే గుండె బరువు తగ్గుతుంది. నీకు తెలియకపోతే నూరాకు ఫోన్ చేసి అడుగు. పనిమనిషిని, నేనెలా అడగను అనుకోకు. పందొమ్మిదేళ్లు ఆవిడకు తినిపించినదానివి. నువ్వు అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

దారులు బాగుపడగానే నేనే వస్తాను. నువ్వు రావద్దన్నా వస్తాను.

నీ
హేమక్క

*

హిందూపురం,
10 డిసెంబరు 2021

హేమక్కకు,
సలాం.

నువ్వడిగినవాటిలో ఒక్కదానికి కూడా నా దగ్గర జవాబు లేదు. అది చూసుకుని సిగ్గుపడ్డాను. రెండు మూడు సార్లు ఫోన్ తీసి మళ్లీ పెట్టేశాను. చివరికి మొన్న నూరాకు చేశాను. ఎందుకు చేశానో చెప్పగానే ఆ పిల్ల ఏడ్చింది. ఈ మూడు వారాల్లో నానమ్మ గురించి ఇలా ఎవరూ అడగలేదట. వచ్చినవాళ్లంతా దేవుడు చల్లగా చూడాలని చెప్పి కాఫీ తాగి పోయారట. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. తలుపు వేసుకోవడం మరిచిపోయాను. మెట్ల మీద నుంచి జహీర్ విన్నట్టున్నాడు, ఆ సాయంత్రం టీవీ పెట్టనివ్వలేదు.

నువ్వడిగిన వరుసలోనే రాస్తాను.

మరీ నీరసించింది నవంబరు మొదటి నుంచి. నేను రానని తెలిశాకే అని నూరా అనలేదు, నేనే అనుకున్నాను. తిండి పూర్తిగా మానేసింది. ఒకరోజు మాత్రం ఖర్జూరం కావాలని సైగ చేసిందట. గుజ్జు చేసి నాలుక మీద పెడితే చప్పరించిందట. నొప్పి పడలేదు, నిద్రలోకి జారుతూ లేస్తూ ఉందట. పక్కన నూరా ఉంది, ఆ శ్రీలంక అమ్మాయి ఉంది. కొడుకులు దారిలో ఉన్నారు.

నీళ్లు ఆ అమ్మాయి పోసింది. నేనెలా పోస్తానో నూరా చూసి ఉంది కాబట్టి, గొంతు కింద రెండు వేళ్లతో నిమరమని చెప్పిందట. ఆ పిల్ల అలాగే నిమిరింది. నీళ్లు లోపలికి దిగాయట. అప్పుడు పెద్దమామా పనిచేసే చేత్తో ఆ అమ్మాయి మణికట్టు పట్టుకుని, "షమీమ్, వచ్చావా?" అందట.

నూరా నోరు తెరిచిందట, కాదని చెప్పబోయి. ఆ అమ్మాయి నూరా వైపు చూసి తల అడ్డంగా ఊపి, పెద్దమామా చెవి దగ్గరికి వంగి, "వచ్చాను మామా, షమీమ్‌నే" అందట. పెద్దమామా ఇంకో చెంచా తాగింది. ఆ చెయ్యి వదలలేదు. నూరా ఇది చెప్పి, నీకు కోపం వచ్చిందా అని అడిగింది. రాలేదన్నాను. అబద్ధం. ముందు నాకు ఒళ్లు మండింది అక్కా. నేను పోయాల్సిన నీళ్లు, నా పేరు పెట్టుకుని ఎవరో పోసేశారని. ఆ తర్వాత ఆ పిల్లను ఫోన్ దగ్గరికి పిలవమన్నాను. నీ చేతులు చల్లగా ఉండాలమ్మా అని తెలుగులోనే అన్నాను. ఆమె కూడా తన భాషలో ఏదో అంది.

పెద్దమామా నేను వచ్చాననుకునే పోయింది. అది ఏ వేళో నూరాను అడిగి, ఇక్కడి గంటలతో సరిచూసుకున్నాను. ఆ సమయానికి నేను మేడ మీద ఉన్నాను. వాన వచ్చేలా ఉందని, ఆరేసిన బట్టలు తీస్తున్నాను.

నీ
షమీమ్